పొరుగూరి సేద్యము

"పొరుగూరి చాకిరి, పొరుగూరి వ్యవసాయము తన్ను తినునవే కాని తాను తినునవి కావు" అని తెలుగునాట ఒక సామెత కలదు. రెండెడ్ల బండి తప్ప వేఱు వాహనము లేని కాలమున పుట్టిన మాట అది. తెల్లవారి బయలుదేరి పొరుగూరి పొలము చేరునప్పటికి ఎండ యెక్కును. చేసిన పని కొంచెము, చూడని నాడు జరిగిన నష్టము ఎక్కువ. కనుకనే పెద్దలు అట్టి సేద్యము వలదనిరి. నేడు తారు రోడ్లు వచ్చినవి. విజయవాడలో కారెక్కినవాడు సుమారు నలువది యైదు కిలోమీటర్లు దాటి గంట సేపటిలో నూజివీడులో దిగుచున్నాడు. చేతిలోని ఫోనుతో తోటలోని బోరు మోటారును నడపుచున్నాడు. కావున ఆ సామెతకు కాలము చెల్లినదని పలువురు తలంచుచున్నారు. చెల్లినదో లేదో పరీక్షించి చూచుటకు నూజివీడు మామిడిసీమకంటె తగిన చోటు మఱియొకటి కానరాదు.

పట్టణమున ఉద్యోగమో వ్యాపారమో చేయుచు, సమీప గ్రామమున నాలుగైదెకరముల తోట కొని, అందొక చిన్న యిల్లు కట్టుకొని, ఆదివారములు అచట గడుపవలెనని కోరువారు ఏటేట పెరుగుచున్నారు. గాలి, నీడ, పండు, పెరుగుచున్న భూమి విలువ, ఈ నాలుగును ఒక్క కొనుగోలుతో లభించునని వారి ఆశ. ఆశ తప్పు కాదు. అయితే దానివలన కొన్నవానికి ఏమగును, తోటకు ఏమగును, ఊరికి ఏమగును అని వేఱువేఱుగా విచారింపవలసి యున్నది.

పేరు నువ్వులది, కీర్తి మామిడిది

నూజివీడు అను పేరు 'నువ్వుచేల వీడు' నుండి వచ్చినదని ఐతిహ్యము. అదియే నిజమైనచో ఆ నేల తన పంటను మునుపే ఒకసారి మార్చుకొన్నదని చెప్పవలెను. ఇది మెట్ట సీమ. కృష్ణ డెల్టా కాలువల నీరు ఈ మెరక నెక్కదు. తూర్పున, దక్షిణమున వరి పండు నల్లని పల్లపు భూములుండగా, ఇచట నీరు నిలువని ఎఱ్ఱ నేలలు పరచుకొని యున్నవి. వరికి పనికిరాని ఆ గుణమే మామిడికి వరమైనది. మామిడి వేరు లోతునకు పోవును. నీరు నిలిచినచో ఓర్వదు, ఎండకు వెఱవదు.

మేకా అప్పారావుల వంశమువారి జమీందారీగా నూజివీడు ప్రసిద్ధి చెందినది. జమీందార్లు మేలిరకములను తెప్పించి నాటించిరని పెద్దలు చెప్పుదురు. 1948లో మద్రాసు ప్రభుత్వము ఎస్టేటుల రద్దు చట్టము చేయగా జమీందారీ పోయినది, తోటలు మిగిలినవి. ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెము, తిరువూరు, మైలవరము వైపులకు వ్యాపించిన ఈ తోటల సీమ చిరకాలము కృష్ణాజిల్లాలో నుండెను. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది.

ఇచటి రకముల పేర్లు వినినను నోరూరును. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, పంచదార కలశ, సువర్ణరేఖ, నవనీతము. కోసి తినుటకు 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి. ఊరగాయకు జలాలు, తెల్లగులాబి, కొత్తపల్లి కొబ్బరి. గుజ్జు పరిశ్రమకు తోతాపురి, దానినే ఇచటివారు 'కలెక్టరు' అందురు. చిన్నరసము చూపునకు చిన్నదే. దానిని మెత్తగా నలిపి, తొడిమ దగ్గఱ కొఱికి, పీల్చి తినవలెను గాని కత్తితో కోయరాదు. పలుచని తోలు, నిండు రసము గల ఆ పండు దూరప్రయాణమునకు ఓర్వదు. అందుచేతనే రసము పుట్టినచోటికి దగ్గఱలోనే ఎక్కువ రుచించును. ఊరిలో ఉన్నవానికే దక్కు సుఖము అది యొకటి.

పట్టణము ఎదురువచ్చినది

ఒకప్పుడు నూజివీడు కాయ బుట్టలకెక్కి విజయవాడకు పోవుటయే గాని, విజయవాడ నూజివీడుకు వచ్చుట లేదు. క్రమముగా పట్టణమే ఎదురువచ్చినది. పట్టణపు టంచున నున్న నున్న గ్రామమున పెద్ద మామిడి మార్కెట్టు వెలసినది. వేసవిలో ఉత్తరదేశపు వర్తకులు అచటనే మకాము వేసి లారీలు నింపుకొనిపోవుదురు. గన్నవరము విమానాశ్రయము విస్తరించినది. మల్లవల్లి యందు పారిశ్రామిక వాడ లేచినది. 2008లో నూజివీడునందు సాంకేతిక విద్యకై ట్రిపుల్ ఐటీ నెలకొల్పబడి, పలు జిల్లాల పల్లెల నుండి పదవ తరగతి ముగించిన వేలకొలది బాలబాలికలను రప్పించినది. వారి వెంట అద్దె యిండ్లు, హోటళ్లు, దుకాణములు వచ్చినవి.

అంతలో 2014 వచ్చెను. జూన్ 2న రాష్ట్రము విడిపోయి, ఆంధ్రప్రదేశ్‌కు క్రొత్త రాజధాని ఎచటనను ప్రశ్న లేచెను. నూజివీడు, గన్నవరము, హనుమాన్ జంక్షన్ల నడుమ అది వెలయునని వదంతి పుట్టెను. అంతట కార్లు డొంకలలోనికి వచ్చినవి. కాయ ధర అడుగువారు పోయి ఎకరము ధర అడుగువారు వచ్చిరి. చెట్లు ఎన్ని, ఏ రకమువి అని విచారింపకయే బయానాలు ఇచ్చిరి. సెప్టెంబరు 4న శాసనసభలో విజయవాడ పరిసరములలో రాజధాని యని ప్రకటింపబడినది. ఆ సంవత్సరాంతమునకు కృష్ణకు ఆవలి యొడ్డున తుళ్ళూరు ప్రాంతము నిశ్చయమయ్యెను. 2015 అక్టోబరు 22న అచట అమరావతికి శంకుస్థాపన జరిగినది. నూజివీడు వైపు వచ్చిన కార్లు వెనుకకు తిరిగినవి. వెల హెచ్చినప్పుడు కొన్నవారిలో అనేకులు అమ్మలేక, సాగు చేయలేక చిక్కుకొనిరి.

ఆ వేసవిలో చెట్లకు రాజధాని సంగతి తెలియదు. అవి తమ కాలమున పూచినవి, తమ కాలమున కాచినవి. భూమి ధరకును, భూమి పంటకును గల సంబంధము ఎంత తెగిపోయినదో చూపుటకు ఆ యొక్క ఏడాది చాలును.

చెట్టు లెక్క, రూపాయి లెక్క

ఈ తెగిన సంబంధమును ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వేసి చూపదగును. మామిడిని పదేసి మీటర్ల యెడమున నాటుట చిరకాలపు పద్ధతి. ఒక్కొక్క చెట్టుకు నూఱు చదరపు మీటర్లు. ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక ఎకరమునకు నలువది చెట్లు. ఎకరము ధర ఏబది లక్షలని లెక్క కొఱకు అనుకొందము. ఆ సొమ్ము బ్యాంకులో నుంచి నూటికి ఆఱు చొప్పున వడ్డీ తీసికొన్నచో ఏడాదికి మూడు లక్షలు వచ్చును. తోటయు అంతే ఈయవలెనన్నచో ప్రతి చెట్టును ఖర్చులు పోను ఏడువేల యైదువందల రూపాయలు మిగుల్పవలెను. చెట్టునకు నూఱు కిలోలు కాసి, కిలో ముప్పది రూపాయలకు అమ్మినను చేతికి వచ్చునది మూడువేలే. అందులో దుక్కి, ఎరువు, మందు, కాపలా, కోతకూలి, బండి కిరాయి, మార్కెట్టు కమీషను, తరుగు పోవలెను.

అనగా ఆ ధరకు కొన్నవాడు కొనుచున్నది మామిడిని కాదు. తనకంటె ఎక్కువ ధర ఇచ్చు మఱియొకడు రేపు వచ్చునను నమ్మకమును కొనుచున్నాడు. ఆ నమ్మకము ఫలించిన లాభము రావచ్చును, రాకపోవచ్చును. అది వేఱు సంగతి. అయితే ఆ ధర ఊరిలో స్థిరపడిన తరువాత, పంట సొమ్ముతో ఎకరము కొనగల రైతు ఊరిలో ఉండడు. తండ్రి రెండెకరములను నాలుగెకరములు చేసిన రీతిగా కొడుకు చేయలేడు. అమ్మగలడు గాని కొనలేడు. అమ్మిన రైతును నిందించుటకు వీలులేదు. పిల్లల చదువు, పెండ్లి, వైద్యము, అప్పు, ఇవి ఏటేట కాయు చెట్టును అడుగును. మామిడి ఏటేట కాయదు. బంగినపల్లి వంటి రకములు ఒక ఏడు విరగకాసి మఱుచటి ఏడు విశ్రమించుట సహజము.

ధరయు నిలుకడ గలది కాదు. 2025లో చిత్తూరు సీమ తోతాపురి రైతులు కొనువారు లేక కాయను రోడ్లపై పారబోసిన వార్తలు వచ్చినవి. కిలోకు నాలుగు రూపాయల చొప్పున ప్రభుత్వము సాయమీయవలసి వచ్చెను. మామిడి మధురఫలమే గాని మామిడి వ్యాపారము మధురమని చెప్పలేము.

గుత్తకిచ్చిన తోట

తోట కొని పట్టణమున నుండువాడు ఏమి చేయును? గుత్తకిచ్చును. ఇది ఈ సీమలో చిరకాలపు ఆచారము. పూత మీద గుత్త, పిందె మీద గుత్త, రెండు మూడేండ్ల గుత్త అని పలు విధములు. గుత్తదారు సొమ్ము కట్టి, మందు కొట్టి, కాపలా పెట్టి, కాయ కోసికొనిపోవును. యజమాని ఊరిలో నున్నంతకాలము ఈ యేర్పాటు చక్కగా సాగెను. సాయంకాలము తోటవైపు నడచి, ఏ కొమ్మ విరిగినదో, ఏ పాదు ఎండినదో చూచువాడు ఒకడుండెను. అతడు లేకపోవుటతో గుత్త స్వభావమే మారినది.

గుత్తదారుకు చెట్టుతో సంబంధము రెండేండ్లు. చెట్టు ఆయుర్దాయము నూఱేండ్లు. ఈ రెండింటికి పొత్తు కుదురుట కష్టము. మార్కెట్టుకు ముందు వచ్చిన కాయకు ధర యెక్కువ. కావున పూతను ముందుగా, తప్పనిసరిగా రప్పించుటకు 'కల్తార్' అను పేర ప్రసిద్ధమైన ప్యాక్లోబ్యుట్రజోల్ మందును వానకాలమున చెట్టు మొదట పోయుదురు. అది చెట్టులో ఎదుగుదలను కలిగించు రసాయనమును అణచి, ఆ శక్తిని పూతవైపు త్రిప్పును. తగిన మోతాదున, బలమైన చెట్టునకు, సమృద్ధిగా ఎరువు వేసి వాడినచో మేలే. ఎరువు వేయక ఏటేట పోసినచో చెట్టు ఎదుగక, కొమ్మలు కుఱచబడి, బలము తగ్గిపోవును. మందు మట్టిలో చాలకాలము నిలుచును. గుత్త ముగిసినవాడు మఱియొక తోటకు పోవును. నీరసించిన చెట్టు యజమానికి మిగులును. ఆదివారము కారులో వచ్చిన యజమాని ఆకుపచ్చని తోటను చూచి సంతసించి పోవును. అతనికి ఆ సంగతి నాలుగేండ్లకు గాని తెలియదు.

చూచువాడు లేని తోట పొరుగుతోటను కూడ చెఱచును. కొమ్మలు కత్తిరింపక గుబురైన తోట తేనెమంచు పురుగునకు పుట్టినిల్లు. ఎండ సోకని కొమ్మలలో అది దాగియుండి పూత సమయమున నలుదిక్కులకు ప్రాకును. ఆవలివాడు ఎంత శ్రద్ధతో మందు కొట్టినను ఫలము దక్కదు. 2021లో ఆంధ్రదేశపు మిరపతోటలను నాశనము చేసిన నల్లతామర పురుగు తరువాత మామిడి పూతను కూడ పట్టినది. భయపడినవారు పూత విచ్చియుండగా మందుపై మందు కొట్టుదురు. పూతపై వ్రాలి పరాగమును మోయు ఈగలు, తేనెటీగలు అందులో చచ్చును. ఒక్క పూగుత్తిలో వేలకొలది పూలుండగా అందు నూటికి ఒకటియైన పండు వఱకు నిలువదు. ఆ ఒకటియు కీటకముల దయ.

నీటి సంగతియు అట్టిదే. వర్షములు వెనుకబడిన తరువాత, పూత వచ్చుటకు ముందు, కాచు చెట్టుకు నీరు పెట్టరాదు. బెట్టకు నిలిచిన చెట్టే పూచును. తడిపినచో లేతచిగురు వేయునే గాని పూయదు. పిందె బఠాణి గింజంత అయిన పిమ్మట తడి మొదలిడవలెను. ఫోనులో మోటారు నడపువానికి ఈ నిగ్రహము చెప్పువారెవరు? చెట్టును చూచి గదా నీరు పెట్టవలెను, మానవలెను! దూరమున నున్నవానికి మోటారు అందినది గాని చెట్టు అందలేదు.

కౌలుదారుల రక్షణకై రాష్ట్రమున 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. పదునొకండు నెలలకు సాగుదారునకు హక్కుపత్రము లభించును. అయితే దానికి యజమాని సంతకము కావలెను. భూమి పోవునేమోనను శంకతో దూరమున నున్నవాడు సంతకము చేయ జంకును. తుపానుగాలికి కాయ రాలినప్పుడు నష్టపరిహారము పట్టాలో పేరున్నవానికి పోవును. అప్పు మాత్రము సాగు చేసినవాని పేరనే యుండును.

జావా ద్వీపమున

ఈ సమస్య నూజివీడునకు మాత్రమే కలిగినది కాదు. మహానగరము ప్రక్కన పల్లె గల ప్రతి దేశమునను ఉన్నదే. ఇండొనీషియాలోని జావా ద్వీపమున జకార్తా చుట్టును వరిమళ్లు, ఫ్యాక్టరీలు, ఇండ్లు కలగలిసిన ప్రాంతములను పరిశీలించి టి. జి. మెగీ అను భూగోళ శాస్త్రవేత్త అట్టి సీమలకు 'దేశకోట' అను పేరును 1991లో ప్రచారమునకు తెచ్చెను. ఆ భాషలో 'దెసా' యనగా పల్లె, 'కోతా' యనగా పట్టణము. మొదటిది సంస్కృత 'దేశ' శబ్దము, రెండవది తెలుగువారెరిగిన 'కోట'యే. పల్లె ముగిసి పట్టణము మొదలగు హద్దు ఇంక లేదనియు, రెండును ఒకే నేలపై కలిసి యుండుననియు అతని భావము. విజయవాడ నుండి నూజివీడు వఱకు బస్సులో పోయి చూచినవారికి ఆ మాట అర్థమగును. తోట, లేఅవుటు, కళాశాల, మరల తోట, గోదాము, మరల తోట.

ఇండొనీషియా 1960లో భూమి మూలచట్టము చేసినది. సాగుభూమిపై హక్కు గలవాడు దానిని తానే స్వయముగా సాగు చేయవలెనని దాని పదవ ప్రకరణము శాసించినది. 1961లో వచ్చిన నిబంధన మఱియొక అడుగు వేసినది. భూమి యున్న ఉపజిల్లా వెలుపల నివసించు యజమాని ఆఱు నెలలలోపల దానిని స్థానికునకు బదలాయింపవలెను, లేదా తానే అచటికి వచ్చి కాపురముండవలెను. విదేశీయునికి సంపూర్ణ స్వామ్యమైన 'హక్ మిలిక్' అసలే లభింపదు. ఆ 'హక్' తెలుగున వాడు 'హక్కు'తో ఒకే తల్లి బిడ్డ, రెండును అరబ్బీ నుండి వచ్చినవి. ఇంత కఠినముగా వ్రాసిన చట్టము అమలులో సడలినదని అచటివారే విమర్శింతురు. ఇతరుల పేర భూములు కొనుట, బొగోరు కొండసీమలో నగరవాసులు విలాస గృహములు కట్టుట ఆగలేదు. చట్టము ఓడినను, అది పలికిన నీతి నిలిచియున్నది. సాగుభూమి కావలెనన్న ఆ యూరి వాడవు కమ్మనుటయే ఆ నీతి.

భారతదేశమున రాష్ట్రమునకొక రీతి. మహారాష్ట్రలో 1948 నాటి కౌలు చట్టము వ్యవసాయదారుడు కానివానికి సాగుభూమి అమ్మకమును నిరోధించినది. కర్ణాటకలో నుండిన అట్టి నిరోధమును 2020లో తొలగించిరి. ఆంధ్రప్రదేశ్‌లో అట్టి నిరోధము లేదు. విదేశవాసులైన భారతీయులు మాత్రము దేశములో సాగుభూమిని, తోటను, ఫారంహౌసును కొనరాదు, వారసత్వముగా పొందవచ్చును. కృష్ణాతీరపు బిడ్డలు వేలుగా అమెరికాలో స్థిరపడిన ఈ కాలమున ఆ రెండవ వాక్యము ముఖ్యమైనది. తాత నాటిన తోట మనుమని పేర వచ్చును. మనుమడు సముద్రమునకు ఆవల నుండును. కొనకయే అతడు పొరుగూరి సేద్యగాడగును.

చెట్టు పోయి గెల వచ్చినది

దూరపు యజమాని, కూలివారి కొఱత, ధరల ఊగిసలాట, ఈ మూడును కలిసి మఱియొక మార్పు తెచ్చినవి. అనేక తోటలలో మామిడి కొట్టివేసి ఆయిల్‌పామ్ వేయుచున్నారు. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ సమీపముననే యున్నది. నాలుగవ యేట నుండి గెల వచ్చును, ఏడాది పొడవున కోత, నెలనెల సొమ్ము. కోతి పాడుచేయదు, ఈదురుగాలికి రాలదు. రైతు దానివైపు మొగ్గుటలో ఆశ్చర్యము లేదు. అయితే మామిడి ఎండకు ఓర్చును, పామ్ ఓర్వదు. నాగార్జునసాగరము ఎడమ కాలువ చివరి భూములకు నీరు చాలదు. ఈ మెట్టకు గోదావరి నీటిని తేవలెనని 2008లో చింతలపూడి ఎత్తిపోతల పథకము తలపెట్టబడినది. బోరుపై ఆధారపడి పామ్ వేసినచోట భూగర్భజలమే పెట్టుబడి.

పైగా గెల ధర నూజివీడులో నిర్ణయమగునది కాదు. ముడి పామాయిలు ధరను బట్టి నిర్ణయమగును. ప్రపంచమున ఆ నూనెను అందఱికంటె ఎక్కువగా తీయునది ఇండొనీషియాయే. 2022 ఏప్రిల్ 28న ఆ దేశము పామాయిలు ఎగుమతిని నిషేధించి, మే 23న నిషేధము ఎత్తివేసినది. ఆ దినములలో ఆంధ్ర రైతు గెల ధర ఎన్నడు లేనంత పైకెగసి, తరువాత చాలవఱకు దిగజారెను. జావా ప్రభుత్వపు ఉత్తరువు ముసునూరు రైతు యింటి లెక్కలను మార్చుచున్నది. పొరుగూరు ఎంత దూరమునకు పెరిగినదో చూడుడు!

కొనువారు తెలియవలసినవి

ఇంత చెప్పుట పట్టణవాసి పల్లెకు రారాదని కాదు. రావలెను. కాని పండు చూచి తోట కొనరాదు. పత్రము, నీరు, త్రోవ, ఇరుగుపొరుగు అను నాలుగింటిని చూడవలెను. అడంగలు, వన్-బీ, ఈసీ తీయించి, సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో లేదని నిశ్చయించుకొనవలెను. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 చట్టము నిషేధించినది. ఇరువది యేండ్లు దాటిన మొదటి లబ్ధిదారులకు 2023లో సడలింపు వచ్చినను, ప్రతి భూమికి అది వర్తించునని నమ్మరాదు. బోరులో నీరు వేసవిలో చూడవలెను, కార్తికమున కాదు. తోటలోనికి పోవు డొంక ఎవరిదో, పొరుగువాని గట్టు మీదుగా పోవలసియున్నదేమో తెలిసికొనవలెను. గుంటల లెక్కన తోటను ముక్కలు చేసి, ముక్కకు నాలుగు మొక్కలు నాటి, 'పెంచి యిత్తుము, మీరు పండు తినుడు' అని అమ్ము ప్రకటనలను చూచినప్పుడు, ఆ నాలుగు మొక్కల పాదులు త్రవ్వువాడెవడని అడుగవలెను.

చెట్టునకు తెగులు వచ్చినయెడల నూజివీడులోని మామిడి పరిశోధన స్థానము ఉన్నది. ఆకు, పూత తీసికొనిపోయి చూపి, సలహా పొందవచ్చును. దుకాణదారు ఇచ్చిన మందుకంటె అది చవుక.

కాపురమే పెట్టుబడి

ఉద్యోగ విరమణానంతరము వచ్చి, నిజముగా ఊరిలో కాపురము పెట్టినవారును ఈ సీమలో కలరు. వారికి కలిగిన మార్పు గమనింపదగినది. మొదటి యేడు కోతులతో, చిలుకలతో, కరెంటు కోతతో విసిగిపోవుదురు. రెండవ యేడు కోత కూలీల పేర్లు తెలియును. మూడవ యేడు తమ తోటలో తేనెమంచు కనబడగానే పొరుగువానిని పిలిచి ఇద్దరును ఒకేనాడు మందు కొట్టుదురు. గుత్తదారు వారి తోటలో కల్తార్ పోయుటకు ముందు అడుగును. చిక్కముతో తొడిమ నిలిపి కోయించి, సొన కారనిచ్చి, కార్బైడు జోలికి పోక మాగబెట్టిన పండును తెలిసినవారికి పంపి, మార్కెట్టు ధరకంటె నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చుకొందురు. పిందెలకు కాగితపు సంచులు తొడిగించుట ఊరి స్త్రీలకు పని కల్పించినది, కాయకు మచ్చలేని నునుపు తెచ్చినది. ఆ పని దగ్గఱ నుండి చేయింపవలసినదే గాని ఫోనులో చెప్పి చేయించునది కాదు.

ఊరికి దక్కు లాభము కూడ ఇచటనే యున్నది. ఆదివారపు యజమాని ఊరికి తెచ్చునది ప్రహరీగోడ, తీగెకంచె, కావలివాని ఉద్యోగము. కాపురమున్నవాడు పాల సొమ్ము, కిరాణా సొమ్ము, కూలి సొమ్ము ఊరిలోనే ఖర్చు చేయును. చెఱువు పూడిక తీయువిషయమై గ్రామసభలో మాటలాడును. ఆస్పత్రికి వైద్యుడు రానిచో అర్జీ వ్రాయును. పాఠశాలలో పిల్లలు తగ్గినచో అతనికి తెలియును. వంద ఎకరముల యజమానులు ఇరువదిమంది ఊరిలో నుండి, ఎనుబదిమంది వెలుపల నున్న గ్రామమునకు పొలిమేరలు మిగులును గాని గ్రామము మిగులదు.

ఈ సంగతి తేల్చుటకు పెద్ద పరిశోధన లేమియు అక్కరలేదు. నూజివీడు చుట్టుపట్ల ఉన్నత పాఠశాలల విద్యార్థులు వేసవి సెలవులకు ముందు తమ యూరి తోటలను లెక్కింపవచ్చును. తోట ఎన్ని యెకరములు, ఏ రకములు, చెట్ల వయస్సెంత, యజమాని ఊరిలో నున్నాడా, లేడా, గుత్తదారు ఎన్నవ యేట నున్నాడు, గత మూడేండ్లలో ఎన్ని చెట్లు కొట్టివేసిరి, వాని స్థానమున ఏమి వచ్చినది. ఉపాధ్యాయుడు ఆ లెక్కలను పటముగా గీయింపవచ్చును. యజమాని ఊరిలో నున్న తోటలకు ఒక రంగు, లేని తోటలకు మఱియొక రంగు. భూగోళము, గణితము, వృక్షశాస్త్రము, తెలుగు సామెత అన్నియు ఆ యొక్క కాగితముపై కలియును. పదేండ్లకొకసారి ఆ పటమును మరల గీసిన పాఠశాల తన యూరి చరిత్రను తానే వ్రాసికొన్నదగును.

సామెతకు కాలము చెల్లలేదు. అయితే దానిలో మొదటి మాటను మరల చదువవలెను. అది వ్యవసాయమును నిందింపలేదు, పొరుగూరి వ్యవసాయమును నిందించినది. ఊరిని దగ్గఱ చేయునది రోడ్డు కాదు, వాహనము కాదు. నాటిన టెంక మొలకెత్తి, కాపుకు వచ్చు వఱకు ఆ వీధిలో నివసించుటయే. డబ్బు పెట్టినవానికి ఆ ఊరు పొరుగూరుగానే ఉండును, కాపురము పెట్టినవానికి తన యూరగును. రసాల సీమలో భూమి కొనదలచినవారు ఏ పెట్టుబడి పెట్టగలరో ముందుగా తేల్చుకొని, ఆ తరువాత బయానా ఇచ్చుట మేలు.